సర్వర్ ఎద్దు కాదు, మొరాయించడానికి

సంపాదకులకు నమస్కారం.

మన పత్రికల్లో చాలాకాలంగా నాకు గుచ్చుకుంటున్న మాట ఒకటుంది: 'మొరాయించిన సర్వర్'. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని ఆగితే సర్వర్ మొరాయించింది. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే సర్వర్ మొరాయించింది. ఫలితాల రోజు పేజీ తెరుచుకోకపోతే అప్పుడూ సర్వరే మొరాయించింది. మొరాయించడం ఎద్దు చేసే పని. బరువెక్కువైతేనో, ఎండ తగిలితేనో కాడి కింద కూలబడి లేవనంటుంది. మా నాన్నకు అలాంటి ఎద్దొకటి ఉండేది, దాని సంగతి నాకు తెలుసు. ఇనప్పెట్టెకు అంత పంతం ఎక్కడిది? చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. ఎవరో చెప్పాల్సింది చెప్పలేదని రాయాల్సిన చోట మనం 'మొరాయించింది' అని రాసి ఊరుకుంటున్నాం.

నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో 19 ఏళ్లుగా ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఇంజనీర్ని కాదు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, పిల్లలకు సిస్టమ్‌లు ఆన్ చేసిపెట్టే ఉద్యోగంలో చేరాను. మా ముందు పనిచేసిన ఇన్‌ఛార్జ్ సారు రిటైరయ్యాక కాలేజీ వెబ్‌సైటు కూడా నా నెత్తిన పడింది. కిందటి వేసవిలో మా సర్వర్‌కి ఓఎస్, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాం, మళ్లీ వేయించాక ఆ వెబ్‌సైటును నిలబెట్టడానికి నాకు 23 రోజులు పట్టింది. ఆ 23 రోజులూ కాలేజీ నోటీసు బోర్డు మీద 'సర్వర్ మొరాయించినందున అడ్మిషన్ ఫారాలు ఆఫీసులో తీసుకోగలరు' అనే కాగితం వేలాడింది. అది టైపు చేసింది నేనే. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, మన్నించాలి.

మా సర్వర్‌లో అప్పటిదాకా ఉన్న ఓఎస్ సెంటోస్ 7, లైనక్సులో ఒక రకం. దానికి తయారుచేసినవాళ్ల నుంచి భద్రతా సవరణలు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా నడుస్తోంది కదా అని ఏడాది లాగించాం. ఈలోగా హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) వాళ్లకు ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చాడు. కొత్త డిస్కు పెట్టి, ఫార్మాట్ కొట్టి, ఉబుంటు 24.04 అనే ఇంకో రకం లైనక్సు వేశాడు. పొద్దున పదిన్నరకు వచ్చినవాడు మధ్యాహ్నం మూడింటికి, "అయిపోయింది మేడమ్, డేటా అంతా పెన్‌డ్రైవ్‌లో ఉంది, మళ్లీ ఎక్కించేశాను" అన్నాడు. బ్రౌజర్ తెరిచి కాలేజీ అడ్రసు కొట్టి చూపించాడు. తెరమీద ఎర్రటి పట్టీ, అందులో 'ఇట్ వర్క్స్!' అని ఇంగ్లీషులో. "చూడండి, పనిచేస్తోందని అదే చెబుతోంది" అన్నాడు. నేను సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెట్టాను.

ఆ పేజీ అపాచీ వెబ్ సర్వర్, అంటే అడిగినవాళ్లకు పేజీలు అందించే ప్రోగ్రాం, తనంతట తాను చూపించేది. నేను లేచాను, మీ సైటు ఎక్కడుందో నాకింకా ఎవరూ చెప్పలేదు అని దాని అర్థం. కొత్తగా చేరిన వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెడుతున్నాడు, లోపల ఎవరుంటారో అతనికి తెలియదు. అంతవరకే అది 'వర్క్స్'.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. అతనికిచ్చిన పని ఓఎస్ వేయడం, వేశాడు. డేటా దాచమన్నారు, దాచాడు. తప్పంతా 'డేటా' అనే మాటలో ఉంది. మేం డేటా అనుకున్నది ఫొటోలు, పీడీఎఫ్‌లు, డేటాబేసు. వీటిని సైటుగా నిలబెట్టేవి ఇంకో పాతిక చిన్న ఫైళ్లుంటాయి. ఏ పేరుతో అడిగితే ఏ ఫోల్డర్ చూపాలి, ఏ ఫైలును ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, రాత్రి రెండింటికి ఏ పని చెయ్యాలి, ఇవన్నీ వాటిలోనే ఉంటాయి. లైనక్సులో ఎక్కువభాగం 'ఈటీసీ' అనే ఫోల్డర్‌లో కూర్చుంటాయి. అన్నీ కలిపినా ఒక పెళ్లి ఫొటో అంత సైజు ఉండవు. వాటిని ఎవరూ దాచలేదు. దాచమని మేమూ అనలేదు, అసలు దాచాలని నాకు తట్టలేదు. గోడలకు సున్నం వేసేటప్పుడు బీరువాలు, మంచాలు జాగ్రత్తగా బయటపెట్టుకుని, గోడ మేకుకున్న తాళాల గుత్తి సంగతి మరిచిపోయినట్టయింది.

మొదట చేయాల్సింది మా సైటు ఎక్కడుందో అపాచీకి చెప్పడం. పాత సెట్టింగులు డిస్కుతోపాటు పోయాయి. రిటైరైన సారుకు ఫోన్ చేస్తే, "బీరువా కింది అరలో నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది చూడమ్మా" అన్నారు. ఉంది. 2015లో సైటు పెట్టినప్పటి సెట్టింగులు, ప్రతి వాక్యమూ, బాల్ పెన్నుతో. పక్కన 'ఇది తీస్తే ఫొటోలు రావు' లాంటి రాతలు. ఆ పుస్తకం లేకపోతే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు, ఇంకా సైటు దగ్గరే కూర్చుని ఉండేదాన్ని.

అయితే అవి సెంటోస్ కాలపు రాతలు. అక్కడ అపాచీని 'హెచ్‌టీటీపీడీ' అంటారు, ఉబుంటులో 'అపాచీ2' అంటారు. ఫోల్డర్లు వేరు, పద్ధతి వేరు. ఉబుంటులో ఒక్కో సైటుకూ ఒక ఫైలు రాసి, దాన్ని అమల్లో పెట్టమని విడిగా ఆజ్ఞ ఇవ్వాలి. ఫైలు పేరు చివర 'డాట్ కాన్ఫ్' లేకపోతే అపాచీ దానివంక చూడదు. నేను ఫైలుకు కాలేజీ పేరు పెట్టి వదిలేశాను. అలాంటి సైటే లేదంది. ఫైలు నా కళ్లముందే ఉంది! రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని, మర్నాడు ఇంట్లో గిన్నెలు తోముతుంటే వెలిగింది. అదయ్యాక కూడా 'ఇట్ వర్క్స్' పోలేదు. ముందే ఉన్న ఫైలు పేరు మూడు సున్నాలతో మొదలవుతుంది. అందుకే అపాచీ వరసలో ముందు దాన్నే చదువుతుంది, ఎవరి పేరూ సరిగ్గా కలవకపోతే దాన్నే చూపిస్తుంది. నేను సైటు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను.

పేరు దిద్దాక తలుపు దగ్గర ఆపేసింది. 403, అనుమతి లేదు. అప్పటికి నాకొక మంచి అలవాటు అబ్బింది: తెరమీద వచ్చింది పట్టించుకోకుండా ఎర్రర్ లాగ్ తెరవడం. అపాచీ తన బాధంతా అక్కడ రాసుకుంటుంది, ఫలానా దారిలో ఫలానా చోట నన్ను లోపలికి పోనివ్వలేదని. మన విలేకరులు ఎవరైనా అలాంటి ఫైలు ఒక్కసారి చదివితే 'మొరాయించింది' అనే మాట మళ్లీ రాయలేరు. ఆ లాగ్ ప్రకారం ఏమైందంటే, కుర్రాడు సైటు ఫైళ్లన్నీ తన యూజర్ పేరు మీదున్న హోమ్ ఫోల్డర్‌లో పెట్టాడు. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లలోకి పరాయివాళ్లను రానివ్వదు. మంచిదే. కాకపోతే అపాచీ కూడా పరాయిదే. లోపలి గది తలుపు బార్లా తీసిపెట్టి వీధి గుమ్మానికి గడియ వేసినట్టు, నేను చివరి ఫోల్డర్‌కు అనుమతులు ఇస్తూ కూర్చున్నాను, పైన గడియ అలాగే ఉంది.

ఫోన్ చేస్తే కుర్రాడు, "777 కొట్టేయండి మేడమ్, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. ఈ 777 మందు ఊరూరా అమ్ముతున్నారు కాబట్టి చెబుతున్నాను. మొదటి 7 యజమానికి, రెండోది అతని గుంపుకి, మూడోది మిగతా లోకానికి. 7 అంటే చదవడం 4, రాయడం 2, అమలు చేయడం 1 కలిపితే వచ్చేది. 777 అంటే ఆ యంత్రంలో ఏ మూల నుంచైనా ఎవరైనా మన ఫైలును మార్చుకోవచ్చని అనుమతి పత్రం రాసివ్వడం. సైటు వస్తుంది. దాంతోపాటు ఏదో ఒకరోజు పేకాట ప్రకటనలూ వస్తాయి. నేను ఫైళ్లను వెబ్ సర్వర్‌కని ఉన్న మామూలు చోటుకు మార్చాను. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఇచ్చాను. ఫొటోలు ఎక్కించే ఒక్క ఫోల్డర్‌ను మాత్రం అపాచీ పేరున రాశాను. ఇందులో ఇంకో చిక్కు, కుర్రాడి పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32. విండోస్ కోసం పుట్టిన ఆ పద్ధతికి లైనక్సు యజమానులు, అనుమతులు ఏవీ తెలియవు. అందులోకి వెళ్లి వచ్చిన ఫైళ్లన్నీ పాత గుర్తులు పోగొట్టుకుని ఒకే మూసలో తిరిగొచ్చాయి. 'ఫలానా చోట చూడు' అని చీటీలా పనిచేసే లింకు ఫైళ్లయితే అసలు అందులో నిలవవు. బ్యాకప్ తీసేవాళ్లు ముందు టార్ ఫైలుగా మూటకట్టి, ఆ మూట 4 జీబీ దాటకపోతే తర్వాత ఏ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నా ఫర్వాలేదు. రెండు నిమిషాల పని.

హోమ్ పేజీ వచ్చింది! ప్రిన్సిపాల్ గారికి చూపించాను. ఆయన 'కోర్సులు' మీద నొక్కారు. 404, పేజీ దొరకలేదు. 'అడ్మిషన్లు' మీద నొక్కారు. 404. "బొమ్మ బాగుందమ్మా" అని వెళ్లిపోయారు.

ఇది ఓఎస్ మార్చిన ప్రతివాళ్లకూ తగిలే దెబ్బే. సైటులో లోపలి పేజీల అడ్రసులను అసలు ఫైళ్లకు కలిపేది చుక్కతో మొదలయ్యే ఒక ఫైలు, 'డాట్ హెచ్‌టీ యాక్సెస్'. చుక్కతో మొదలయ్యేవి లైనక్సులో మామూలుగా కంటికి కనబడవు. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ కాపీ చెయ్యమని నక్షత్రం గుర్తు కొడితే వాటిని వదిలేస్తుంది. అలా అది పాత డిస్కులోనే ఉండిపోయింది. నీలం నోట్‌బుక్కులో చూసి మళ్లీ రాశాను. అయినా 404. ఎందుకంటే ఉబుంటులో అపాచీ ఆ ఫైలును చదవకూడదని ముందే రాసి ఉంటుంది. చదవమని చెప్పాను. ఈసారి 500, సర్వర్ లోపలే ఏదో తప్పు, అని వచ్చింది. నాకు ఏడుపొచ్చింది కానీ లాగ్ చూస్తే అది మంచి కబురే: ఫైలు చదివింది, అందులోని 'రీరైట్' అనే మాట దానికి అర్థం కాలేదు. ఆ మాట నేర్పే మాడ్యూల్ విడిగా ఆన్ చేయాలి. ఒక్క ఆజ్ఞ. 404 నుంచి 500కి రావడం ముందడుగని ప్రిన్సిపాల్ గారికి ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలియలేదు, చెప్పలేదు.

మాడ్యూల్ ఆన్ చేశాక 'అడ్మిషన్లు' నొక్కితే తెరనిండా ప్రోగ్రాం. అసలు కోడ్. కొత్త ఓఎస్‌లో అలాంటి ఫైళ్లను నడిపే పీహెచ్‌పీ వేయలేదు కాబట్టి ఆ ఫైలును నడపాలని అపాచీకి తెలియదు, ఉన్నదున్నట్టు జనానికి వడ్డించేసింది. పైనుంచి ఏడో వరసలో మా డేటాబేసు పాస్‌వర్డ్! చేతులు వణికాయి. సర్వర్ మొత్తం ఆపేసి, పాస్‌వర్డ్ మార్చి, అప్పుడు కూర్చున్నాను. ఎంతసేపు అలా ఉందో లెక్కేస్తే 11 నిమిషాలు. సైటు రాకపోతే పోయింది కానీ ఇలా వస్తే ఎంత ప్రమాదమో చూడండి. సైటు పూర్తిగా తేరుకునేదాకా బయటివాళ్లకు తలుపు మూసి, కాలేజీ లోపలి కంప్యూటర్లకే కనబడేలా పెట్టుకోవాలన్న తెలివి నాకు అప్పుడొచ్చింది.

పీహెచ్‌పీ వేశాక తెల్ల పేజీ. సెంటోస్ 7తో వచ్చింది పీహెచ్‌పీ 5.4, ఉబుంటు 24.04తో వచ్చేది 8.3. మధ్యలో 2015 చివర్లో వచ్చిన 7.0లో, డేటాబేసుతో మాట్లాడే పాత ఆజ్ఞల కుటుంబాన్ని మొత్తంగా తీసేశారు. మా సైటంతా ఆ ఆజ్ఞల మీదే నిలబడింది. 41 ఫైళ్లు. మా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్ నుంచి రాత్రిళ్లు ఫోన్‌లో చెబుతుంటే ఒక్కో ఫైలూ మార్చాను. తొమ్మిది రోజులు. దీని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, కూలి పని.

అంతా అయిందనుకున్న రోజు మా తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన రిటైరై ఆరేళ్లయింది. కాలేజీ సైటులో విద్యార్థుల కథలు, కవితలు పెట్టే విభాగం ఆయనే మొదలుపెట్టారు, రోజూ ఒకసారి తెరిచి చూసుకుంటారు. "అమ్మాయ్, మన పిల్లలు రాసిందంతా ఇదేం భాషలోకి పోయింది?" అన్నారు.

తెరిచాను. తెలుగు లేదు. నెత్తిన ఏటవాలు గీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ', దాని పక్కన ఉష్ణోగ్రతకు వేసే డిగ్రీ సున్నా. మళ్లీ అదే 'ఏ', పక్కన ప్లస్ మైనస్ గుర్తు. పేజీలకు పేజీలు అంతే. పదేళ్ల కథలు.

ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు పడతాయి. 'అమ్మ' అంటే మనకు రెండక్షరాలే, యంత్రానికి అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఆ మూడింటిలో మొదటి బైటు తెలుగు గుర్తులన్నిటికీ ఒకటే. రెండోది రెండింటిలో ఒకటి. ఆ బైట్లను ఒక్కోటీ ఒక్కో యూరప్ అక్షరమనుకుని చదివితే మొదటిది గీత 'ఏ', రెండోది డిగ్రీ సున్నానో ప్లస్ మైనసో అవుతుంది. అందుకే ఏ ఊళ్లో తెలుగు చెడిపోయినా ఇదే ముఖంతో చెడిపోతుంది. ఎవరి తెరమీదైనా ఈ గుర్తుల వరస కనబడితే కంగారుపడకండి. అక్షరాలు పోలేదు, చదివే పద్ధతి మారింది.

మా డేటాబేసు 2015లో పెట్టినప్పుడు దాన్ని 'లాటిన్-1' అనే యూరప్ పద్ధతిలో వదిలేశారు, అప్పట్లో మామూలుగా వచ్చేది అదే. సైటు తెలుగు బైట్లు పంపేది, ఇవి యూరప్ అక్షరాలని చెప్పేది. డేటాబేసు నమ్మి దాచుకునేది. తిరిగి అడిగినప్పుడు అవే బైట్లు ఇచ్చేది, బ్రౌజర్ వాటిని తెలుగుగా చూపించేది. రెండువైపులా ఒకే అబద్ధం, అందుకని పదేళ్లు సంసారం సాఫీగా సాగింది. కొత్తగా వేసిన డేటాబేసు ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్ 8 మొదట్నుంచీ యూనికోడ్ మాట్లాడుతుంది. పాత పట్టికల మీద 'యూరప్ అక్షరాలు' అని రాసి ఉండటం చూసి, మర్యాదగా వాటిని యూనికోడ్‌లోకి మార్చి మరీ ఇస్తోంది. ఒకరు నిజం చెప్పడం మొదలుపెట్టేసరికి కాపురం చెడింది.

బాగుచేసే దారి తెలిశాక సులువే. డేటాబేసును అదే పాత అబద్ధంతో, లాటిన్-1 అనే చెప్పి బయటకు తీయాలి. అప్పుడు బైట్లు చెక్కుచెదరకుండా వస్తాయి. ఆ ఫైలులో లాటిన్-1 అని ఉన్నచోటల్లా యూటీఎఫ్-8 నాలుగు బైట్ల రకం పేరు పెట్టి, మళ్లీ లోపలికి ఎక్కించాలి. ఈలోగా సైటు ద్వారా ఎవరూ ఏ కథనూ తెరిచి 'సేవ్' నొక్కకూడదు. నొక్కితే చెడిన రూపమే అసలుగా దాక్కుంటుంది, ఒక ముడి కాస్తా రెండు ముళ్లవుతుంది. నేను మూడు కథలకు ఆ పని చేసి, వాటిని విప్పడానికి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్ సంగతి క్లుప్తంగా. బ్రౌజర్ 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని భయపెట్టింది. పాత తాళాలు ఈటీసీ ఫోల్డర్‌తోపాటే పోయాయి కదా. ఉబుంటు తాత్కాలికంగా ఒక ఉత్తుత్తి సర్టిఫికెట్ ఇస్తుంది, దానికి వాళ్లు పెట్టిన పేరు 'స్నేక్ ఆయిల్', అంటే సంతలో అమ్మే దొంగ మందు. పేరు పెట్టినవాడి నిజాయితీకి దణ్ణం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థవాళ్లు ఉచితంగా అసలుది ఇస్తారు, మాకిచ్చింది 90 రోజులు చెల్లేది, గడువు ముగిసేలోపు దానంతట అదే కొత్తది తెచ్చుకునేలా ఏర్పాటు చేయొచ్చు. మన సైటులోకి వచ్చే దారి, 80వ పోర్టు, బయటికి తెరిచి ఉంటే పది నిమిషాల్లో అయిపోతుంది. బయటివాళ్లను ఆపే మా ఫైర్‌వాల్‌లో అది మూసి ఉందని కనుక్కోవడానికి సగం రోజు పోయింది.

సైటు లేచిన మూడు వారాలకు ఇంకోటి బయటపడింది. రోజూ రాత్రి రెండింటికి డేటాబేసు బ్యాకప్ తీసే ఏర్పాటు కూడా పాత ఓఎస్‌తోపాటే పోయింది. అంటే ఆ మూడు వారాలూ మాకు ఒక్క బ్యాకప్పూ లేదు. ఎర్రర్ రాలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయవలసిన పని ఒకటి ఉందని యంత్రానికే తెలియకపోతే అదెందుకు ఎర్రర్ ఇస్తుంది?

ఇది చిన్న కాలేజీల దరిద్రం మాత్రమే అనుకోకండి. 2017 జనవరి 31న ప్రోగ్రాములు దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే పేరుమోసిన సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసు ఫోల్డర్‌నే చెరిపేశాడు. బ్యాకప్ పద్ధతులు ఐదున్నా అవసరానికి ఒక్కటీ సరిగా పనికి రాలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసుకున్న కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి, మీకు గుర్తుండే ఉంటుంది. తమ నెట్‌వర్క్ సెట్టింగుల్లో చేసిన మార్పే కారణమని ఆ కంపెనీయే చెప్పింది. ఈ ఇద్దరూ ఎక్కడ పొరపాటు జరిగిందో, ఎలా జరిగిందో రాసి అందరిముందూ పెట్టారు. నాకు వాళ్ల పొరపాటుకన్నా ఆ రాతే పెద్దదిగా కనబడింది. మన దగ్గర ఒక దరఖాస్తు పోర్టల్ నాలుగు రోజులు ఆగితే మనకు తెలిసేది 'సాంకేతిక కారణాలు' అనే రెండు మాటలు.

మా కాలేజీలో డెడ్ స్టాక్ రిజిస్టర్ ఉంది. ప్రతి కుర్చీకి, ప్రతి బల్లకి నంబరుంది. ఏటా మార్చిలో ఒకరు వచ్చి లెక్కపెడతారు. విరిగిన కుర్చీని పారేయాలంటే ముగ్గురి సంతకం కావాలి. వేలమంది పిల్లల అడ్మిషన్లు, మార్కులు నడిపే సర్వర్ సెట్టింగులకు మాత్రం ఏ రిజిస్టరూ లేదు. ఉన్నదల్లా రిటైరైన ఒక మనిషి ఓపికగా రాసుకున్న నీలం నోట్‌బుక్కు. అదీ ఎవరూ రాయమనకపోయినా ఆయనంతట ఆయన రాసింది.

అందుకని మీ ద్వారా అడగదలిచింది ఇది. కాలేజీలు, ఆఫీసులు ఏఎంసీ కాగితం మీద ఇంకో వాక్యం చేర్చాలి: ఓఎస్ మార్చేముందు ఈటీసీ ఫోల్డర్, రోజువారీ పనుల పట్టిక, సర్టిఫికెట్లు, చుక్క ఫైళ్లతో సహా టార్ మూటగా అప్పగించాలి, మార్చాక సైటులో కనీసం పది లోపలి పేజీలు తెరిచి చూపించిన తర్వాతే సంతకం. హోమ్ పేజీ చూసి సంతకం పెట్టొద్దు, నాలాగా. పాత డిస్కును కూడా నెలరోజులు అల్మారాలో ఉంచమని చెప్పాలి. టిక్కుమన్నా సరే, దాన్నుంచి నాలుగు ఫైళ్లు లాగొచ్చు. మా డిస్కును కుర్రాడు ఆరోజే పాత సామాన్లలో పట్టుకుపోయాడు.

మీ విలేకరులకు కూడా చిన్న మనవి. ఎక్కడైనా 'సర్వర్ డౌన్' అని వింటే ఆ ఆఫీసువాళ్లను రెండు ప్రశ్నలు అడగమనండి. ఈమధ్య దీంట్లో ఏం మార్చారు? పాత సెట్టింగుల కాపీ ఎవరి దగ్గరుంది? జవాబు వస్తే అది రాయండి. రాకపోతే రాలేదని రాయండి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్,
గుంటూరు జిల్లా
(నా పేరు, కాలేజీ పేరు ప్రచురించవద్దని మనవి)

తా.క.: డేటాబేసు మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక కథ దగ్గర ఆగిపోయింది. శీర్షిక గడిలో 255 బైట్లే పడతాయి, తెలుగులో దాదాపు 85 గుర్తులు. ఆ పిల్ల శీర్షికే ఒక పొడుగాటి వాక్యంలా రాసింది. పాత డేటాబేసు నోరు మెదపకుండా చివరి అక్షరం మధ్యలో కోసి దాచుకుంది, కొత్తది సగం అక్షరాన్ని తీసుకోనంది. చివర్లో 'మా అమ్మ చే' దాకా ఉంది. చేతా, చేనా, చేపలా? కథ చదివితే మూడూ కుదిరేలా ఉన్నాయి. మాస్టారికి ఫోన్ చేశాను. "చేను," అన్నారు ఆలోచించకుండా. "ఇన్నాళ్లూ ఆ పేరు చివర తెగి ఉందా? నేను రోజూ చూస్తూ కూడా పట్టించుకోలేదే!" ఆ ఒక్క అక్షరం చేత్తో టైపు చేసి ఎక్కించాను.